ఊఁ కొట్టే చోటు

మా ఏలూరు బస్టాండులో ఇప్పుడు నా ఉద్యోగం కంప్యూటరు చేస్తోంది. మొన్న తాడేపల్లిగూడెంలో పనిపడి, మామూలు ప్రయాణికురాలిలా బెంచీ మీద కూర్చుని దాని గొంతు విన్నాను. ఆడగొంతే. ఎవరో పిల్ల చేత ఊళ్ళ పేర్లన్నీ విడివిడిగా చదివించి దాచుకున్నారట. అవసరాన్నిబట్టి ఆ ముక్కల్ని అది ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. తాడేపల్లిగూడెం అని ఒక రాగం, తణుకు అని ఇంకో రాగం, మీదుగా అన్నమాట ఎక్కడో నూతిలోంచి. ఏ మాటకామాట శుద్ధంగా ఉంది, వంక పెట్టడానికి లేదు. అయినా నా పక్కన కూర్చున్న పెద్దాయన రెండుసార్లు విని, "ఏ బస్సంటండీ?" అని నన్నే అడిగాడు.

ఇరవయ్యేళ్ళు మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పినదాన్ని కదా, లోపల కాస్త సంతోషించాననే చెప్పాలి. ఆ సంతోషం వెనకాలే పళ్ళ డాక్టరమ్మగారు గుర్తొచ్చారు. రోగుల కుర్చీ దగ్గరికొచ్చిన కొత్తలో ఆవిడ తెలుగు అచ్చం ఇలాగే ఉండేది. ఆవిడ కలకత్తాలో పోయి రెండేళ్ళయిందని ఈ మధ్యే తెలిసింది. ఆ వార్త విన్నప్పుడు రాని ఏడుపు, ఆ దిక్కుమాలిన పెట్టె 'మీదుగా' అన్నప్పుడు వచ్చింది.

ఆ రోజుల్లో ఏలూరులో చైనా పళ్ళ డాక్టరంటే తెలియనివాళ్ళు లేరు. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు, ముందు గదిలో ఎత్తు కుర్చీ, వెనక గదికి పూల తెర. డాక్టరుగారి తాత ఎప్పుడో చైనా నించి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాడు. డాక్టరుగారు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు, ఇక్కడి చెరుకు రసమే తాగారు. తెర ఇవతల కూర్చుని వింటే లోపల మాట్లాడేది ఏ పెదపాడు రైతో అనుకునేవాళ్ళం. "ఏవండీ, వేపపుల్ల మానేశారు, బ్రష్షూ పట్టలేదు, మరి పళ్ళేం కావాలండీ?" అని ఆయన సాగదీస్తుంటే నొప్పితో వచ్చినవాడు కూడా నవ్వేవాడు. ఆ నవ్వులో పన్ను ఊడేది.

ఆయన భార్య, మా డాక్టరమ్మగారు, ఊళ్ళోవాళ్ళకి కనిపించేవారు కాదు. కలకత్తాలోని చైనావాళ్ళ పేటలో పుట్టి, పెళ్ళయి ఏలూరు వచ్చారు. పళ్ళ పని ఆవిడకి పుట్టింటి విద్య. ఇరవయ్యేళ్ళపాటు తెర వెనకే కూర్చుని మైనం కరిగించి, అచ్చులు పోసి, పళ్ళ సెట్లు తయారుచేశారు. ఇంట్లో మొగుడూపెళ్ళాలది చైనా భాష. పనిమనిషితో సగం హిందీ, సగం సైగ. తెలుగు ఆవిడకి తెర మీదుగా వచ్చేది.

పళ్ళ సెట్టు చేయడంలో ఒక పద్ధతుంది. ముందు మైనం మీద పళ్ళు అమర్చి, నోట్లో పెట్టి, మనిషి చేత మాట్లాడిస్తారు. గాలి ఎక్కడ తప్పించుకుంటోందో, ఏ అక్షరం దగ్గర ఈల వేస్తోందో విని, మైనం చెక్కి సరిచేస్తారు. అందుకోసం డాక్టరుగారు సొంతంగా ఒక వాక్యం కట్టుకున్నారు: 'శనివారం సంతకి సైకిలు మీద సీతమ్మగారు.' ఊళ్ళో పళ్ళూడిన ప్రతివాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని సీతమ్మగారిని సంతకి పంపించినవాళ్ళే. తెర వెనక ఆవిడ అది కొన్ని వందల గొంతుల్లో విన్నారు. అందుకే ఆవిడ నోట తెలుగు అక్షరం ఒక్కటీ తప్పు పలికేది కాదు. స, శ రెండూ రెండుగా పలికేవారు. మా బస్టాండు మొత్తంలో అలా పలికేదాన్ని నేనొక్కదాన్నే, అదీ మైకు ముందున్నంతసేపు.

ఒకరోజు డాక్టరుగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కాలూ పోయాయి. మాటా పోయింది. చైనా మాటా పోయింది, తెలుగు మాటా పోయింది. మిగిలింది ఒక్క 'ఊఁ'. మంచం ముందు గదిలోకి తెచ్చి వీధి కనపడేలా వేయించి, ఆవిడ తెర తీసి కుర్చీ దగ్గరికి వచ్చారు.

చేతి పని ఆయనకన్నా ఆవిడదే నాజూకని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. కానీ అంతదాకా ఎవరైనా కూర్చుంటే కదా. మా నాన్న సంగతే చెబుతాను. మాది కొల్లేరు సరస్సు మధ్య లంక ఊరు. ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించేసిన ఏడు, పని పోయి మా నాన్నకి పంటినొప్పి గురించి ఆలోచించే తీరిక దొరికింది. ఆయన చాలా మెత్తని మనిషి. గేదెని కూడా "కాస్త పక్కకి జరుగమ్మా" అనేవాడు. ఏలూరు వచ్చి, నాతో చెప్పకుండా చైనా డాక్టరు దగ్గరికి వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగి బస్టాండుకొచ్చి నా అద్దాల గదిలో నిలబడ్డాడు. మొహం చిన్నబోయింది. పన్ను అలాగే ఉంది.

"ఆవిడ నన్నెందుకు కోప్పడిందమ్మా?" అని అడిగాడు.

ఏమందని అడిగితే, నోరు తెరవమందట. నొప్పి ఉండదందట. అంతకన్నా ఒక్కమాట అనలేదట. "మాటలు మంచివే, అన్న తీరే..." అని ఆగిపోయాడు. ఎదుటివాళ్ళ మీద చాడీ చెప్పడం కూడా ఆయనకి చేతకాదు. ఆ సాయంత్రమే భీమవరంలో ఇంకెవరి దగ్గరికో వెళతానని బస్సెక్కాడు, అక్కడికీ వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా నాన్నని కోప్పడే హక్కు మా అమ్మకీ నాకూ తప్ప ఇంకెవరికీ ఉందనుకోను.

ఆ తర్వాత వారం రోజులకనుకుంటాను, మధ్యాహ్నం పూట నా గదికి ఎదురు బెంచీ మీద గొడుగు పట్టుకుని ఒకావిడ కూర్చోవడం గమనించాను. తెల్లగా, సన్నగా, యాభై దగ్గర వయసు, కాటన్ చీర. ఏ బస్సూ ఎక్కరు. నేను మైకు నొక్కగానే తలెత్తుతారు. నేను ఆపగానే పెదాలు కదుపుతారు, ఒళ్ళో వేళ్ళతో గొడుగు పిడి మీద టకటకా కొడతారు. వరసగా నాలుగు రోజులు ఇదే తంతు. ఐదో రోజు టీ తాగే టైములో బయటికొచ్చి అడిగాను, ఏ ఊరు వెళ్ళాలండీ అని.

"ఏ ఊరూ వెళ్ళను. మీ మాట వింటున్నాను," అన్నారు.

ఆ ముక్కలు వినగానే ఎవరో తెలిసిపోయింది. ఒక్కో మాటనీ తూచి బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేసినట్టు మాట్లాడారు. వాక్యం చివర కత్తిరించినట్టు ఆగింది. నేను ఊరుకోలేదు. మా నాన్న సంగతి చెప్పేశాను. ఆవిడ బాగా కంగారుపడి, కోప్పడలేదని, నొప్పి ఉండదు అని మాత్రమే చెప్పానని అన్నారు. అది మీరెలా చెప్పారో తెలుసా అని నేను ఆవిడ గొంతుతోనే అనిచూపించాను. గొంతులు అనుకరించడం నాకు చిన్నప్పటి నించీ ఉన్న దుర్గుణం.

ఆవిడ గొడుగు పిడి మీద వేళ్ళు ఆపేశారు. తర్వాత, "నేను అలా అన్నానా?" అని అడిగారు. ఆ అడగడం కూడా అలాగే ఉంది. నా కోపమంతా అక్కడే చల్లారిపోయింది.

ఆరోజు ఆవిడ చెప్పినదంతా ఆవిడ మాటల్లో రాస్తే మీకూ కోప్పడుతున్నట్టే ఉంటుంది, అందుకని నేను చెబుతాను. డాక్టరుగారి తమ్ముడు కలకత్తాలో ఉన్నాడు. దుకాణం మూసేసి వచ్చేయమంటున్నాడు. మంచివాడే, ఇల్లుంది, మనుషులున్నారు. కానీ డాక్టరుగారు పుట్టింది ఈ ఊళ్ళో. పొద్దున్నించి సాయంత్రం దాకా మంచం మీద పడుకుని వీధిలో తెలుగు వింటుంటారు. దారినపోయేవాళ్ళు కిటికీలోంచి "డాక్టరుగారూ, బాగున్నారా అండీ?" అంటే ఆయన ఊఁ అంటారు, కళ్ళు వెలుగుతాయి. అక్కడ ఆయనకి ఆ మాట అనేవాళ్ళు ఎవరున్నారు? ఆయన్ని ఊరు దాటించకూడదని ఆవిడ పంతం. కుర్చీ ఖాళీగా ఉంటే దాటించక తప్పదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే లేచిపోతున్నారు.

"మాటలు తెలుసు. పాట తెలియదు. మీరు నేర్పాలి," అన్నారు. అప్పటినించీ నేను ఆవిడకి 'బస్టాండుగారూ' అయ్యాను. నా పేరు ఎన్నిసార్లు చెప్పినా అదే.

డ్యూటీ దిగాక వారానికి మూడు సాయంత్రాలు వెళ్ళేదాన్ని. ఆవిడ శ్రద్ధ చూస్తే నాకు సిగ్గేసేది. నేను ఒక వాక్యం చెబితే, ఎక్కడ గొంతు లేచిందో, ఎక్కడ దిగిందో కాగితం మీద కొండలూ లోయలూ గీసుకునేవారు. మైనం చెక్కే చాకుతో బల్ల మీద అక్షరానికొక దెబ్బ కొట్టుకుంటూ అప్పజెప్పేవారు. ఎంత చెప్పినా అన్ని దెబ్బలూ ఒకే బరువున పడేవి. ఒకసారి విసిగిపోయి, ఇంత చిన్న సంగతి మీకెందుకు పట్టుబడదండీ అనేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. వాళ్ళ భాషలో రాగం ఒక్కో మాట లోపలే ఉంటుందట. దాన్ని కదిపితే మాట పాడైపోతుందట. పసితనం నించీ కదపకూడదనే నేర్పుతారట. "మీరు వాక్యం మొత్తం పట్టుకుని ఊపుతారు. నాకు భయం, మాటలు కింద పడతాయని," అన్నారు.

దొరికిన ప్రతి రాగాన్నీ పట్టుకునేవారు. పొద్దున్నే ఆకుకూరలమ్మే మనిషి వీధిలో "తోటకూరా, గోంగూరా" అని సాగదీస్తూ వెళుతుంటే, ఈవిడ కిటికీ వెనక నిలబడి అదే సాగదీసేవారు. పాపం ఆ మనిషి తన బేరం చెడగొట్టడానికి ఇంకెవరో వీధిలోకొచ్చారని గంప దింపి సందులన్నీ వెతికింది. అసలు సంగతి తెలిశాక నవ్వి, రోజూ మొదటి కట్ట ఇక్కడే వేసేది. కానీ గోంగూర అమ్మే రాగంతో పన్ను పీకలేం కదా.

నా పాఠం ఫలితం కూడా నెలన్నరకి తెలిసింది. ఉంగుటూరు నించి ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేనూ ఉన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని, నిటారుగా నిలబడి, నోరు తెరవమని చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, అచ్చు నేను నాలుగో ప్లాట్‌ఫారం గురించి చెప్పినట్టే. అదే లేవడం, అదే దిగడం, చివర అదే సాగదీత. ఆయన బిత్తరపోయి చూసి, "బస్సెన్నింటికండీ?" అన్నాడు. మంచంలో డాక్టరుగారి భుజాలు కదిలాయి, నవ్వుతున్నారని అర్థమైంది. ఉంగుటూరాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. రాలేదు.

ఆవిడ కలకత్తా మరిదికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది ఆ వారమే. చైనా అక్షరాల్లో రాసుకుంటున్న కాగితం బల్ల మీద కనిపించింది. ఏం రాస్తున్నారని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చెప్పకపోయినా, దుకాణం మూసేసి వస్తామనేనని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం నేను వేరే కోపంలో ఉన్నాను. డ్యూటీలో కంట్రోలరుతో గొడవైంది. కామవరపుకోట బస్సు రద్దయిందని నాతో చెప్పకుండా, నేను వస్తోందని మూడుసార్లు చెప్పాక, ప్రయాణికులని నా మీదికి ఉసిగొల్పాడు. పాఠం సంగతి మర్చిపోయి డాక్టరుగారి మంచం పక్కన స్టూలు లాక్కుని ఆ కథంతా ఏకరువు పెట్టాను. ఆయన వింటున్నారు. నేను "చూడండి మరి, నాదా తప్పు?" అంటే ఊఁ. "నేనూరుకుంటానా?" అంటే ఊఁ. కంట్రోలరు అన్నమాట చెబితే చిన్న ఊఁ, నేను తిరిగి అన్నమాట చెబితే పెద్ద ఊఁ. అలా ఆయన ఊఁ కొడుతుంటే నా కోపం అరకిలోమీటరు దూరం పోయింది.

ఆవిడ బల్ల దగ్గర చాకు పట్టుకుని అలా నిలబడిపోయారు. నేను ఆపాక దగ్గరికొచ్చి, ఆయన వైపు చూసి, నా వైపు చూసి అడిగారు.

"మీకు ఊఁ కొట్టారు. నేను రోజూ తెలుగు చెబుతున్నాను. నాకు ఒక్కసారి కొట్టలేదు. ఎందుకు?"

గొంతులో ఏ రాగమూ లేదు. అయినా ఆ ప్రశ్నలోని బాధ నాకు బాగానే వినిపించింది. నేనేదో సర్దిచెప్పబోయాను. ఇంతలో డాక్టరుగారు ఎడమచెయ్యి ఎత్తి, వేలితో ఆవిడని చూపించి, మాట్లాడమన్నట్టు ఆడించారు. ఆవిడ మామూలుగా అప్పజెప్పేది అప్పజెప్పారు. నోరు తెరవండి, అద్దం పెడుతున్నాను, సూది చిన్నది, నొప్పి ఉండదు. ఆయన పెదాలు బిగించి పడుకున్నారు. ఆవిడ మళ్ళీ చెప్పారు. ఆయన చెయ్యి ఎత్తి మొదటి మాట దగ్గరే ఆపమన్నారు. ఆవిడ ఆగారు. ఆగినంతసేపూ ఆయన కళ్ళల్లోకి చూస్తూ ఉన్నారు. అప్పుడు ఆయన ఊఁ అన్నారు.

నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. తెలిసొచ్చి తల కొట్టేసినట్టయింది. మా వైపు మాట ఒక్కరు ఆడేది కాదు. ఒకరు అండీ అని చిన్న చోటు వదులుతారు, ఎదుటివాళ్ళు అందులో ఊఁ వేస్తారు, ఆయ్ అంటారు, అప్పుడు తర్వాతి మాట కదులుతుంది. పిల్లలకి కథ చెప్పినా అంతే, పొలం గట్టు మీద కబురైనా అంతే. ఆవిడ మాటల మధ్య గాలి దూరే సందు ఉండేది కాదు. ఎదుటివాడికి చోటివ్వకుండా మాట్లాడే మాట, ఎంత మంచిదైనా, ఇక్కడ కోప్పడటమే. మా నాన్నకి తగిలింది అదే. పోనీ ఆవిడకి నేర్పిందెవరు? నేను. ఎనిమిదేళ్ళుగా రోజుకి రెండొందలసార్లు మాట్లాడుతున్నాను, ఒక్కరంటే ఒక్కరు నాకు ఊఁ కొట్టలేదు. ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆవిడ వెతుక్కుని వెతుక్కుని, చోటు వదలడం అక్కర్లేని ఒకే ఒక్క మనిషి దగ్గరికొచ్చి నేర్చుకున్నారు.

ఆ మాటే ఆవిడతో చెప్పి, నన్ను క్షమించమన్నాను. ఆవిడ తల ఊపి, కొండలూ లోయలూ గీసిన కాగితాలన్నీ మడిచి బల్ల సొరుగులో పెట్టేశారు. ఆరోజు నించీ మాస్టారు డాక్టరుగారు.

ఆయనంత కఠినమైన మాస్టారిని నేను చూడలేదు. ఆవిడ తొందరపడితే నోరు మూసుకుని గోడ వైపు చూసేవారు. చోటు వదిలి, ఆయన ఊఁ అనకముందే తర్వాతి మాట అందుకున్నా ఊరుకునేవారు కాదు, మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఒకసారి ఆవిడకి కోపమొచ్చి చైనా భాషలో గట్టిగా ఏదో అన్నారు. ఆయన దానికి మాత్రం టక్కున ఊఁ అన్నారు. ముగ్గురం నవ్వాం. వానలు వెళ్ళేదాకా సాగింది ఆ చదువు. రాగం దానంతటదే కొంత వచ్చింది, కొంత రాలేదు. అండీ దగ్గర ఆవిడ గొంతు చివరిదాకా కాస్త వంకరగానే లేచేది. కానీ లేచాక ఆగేది.

మా నాన్నని మళ్ళీ ఆ గుమ్మం ఎక్కించడానికి నేను ఆడిన అబద్ధాలు రాస్తే పుణ్యం పోతుంది. అప్పటికి బుగ్గ వాచి అన్నం కూడా తినలేకపోతున్నాడు. దేవుడి మీద భారం వేసినవాడిలా కుర్చీలో కూర్చుని దాని రెండు చేతుల మీదా గట్టిగా పట్టు బిగించాడు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చారు. ఈ ఒక్కడూ లేచిపోతే ఆ సగం రాసిన ఉత్తరం పూర్తవుతుందని నాకు తెలుసు, మంచం మీది మనిషికీ తెలుసు.

"బాబుగారూ," అన్నారావిడ. ఆగారు. మా నాన్న అనుమానంగా చూశాడు.

"ఆమధ్య మీరు భయపడి వెళ్ళిపోయారండీ."

మా నాన్న కాసేపు చూశాడు. "ఆయ్," అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

"తప్పు నాదండీ."

"అబ్బెబ్బే," అన్నాడు మా నాన్న, నొప్పి బుగ్గతోనే.

"ఇదిగో అద్దం. చూడటానికేనండీ."

"ఆయ్."

"నోరు తెరుస్తారా?"

తెరిచాడు. అక్కడినించి ఆయ్ అనడానికి వీల్లేదు, గొంతులోంచి ఊఁ లాంటిది వచ్చేది. ఆవిడ ఒక్కోమాటా చెప్పి, ఆ శబ్దం వచ్చేదాకా చెయ్యి కదపకుండా ఉన్నారు. సూది చిన్నదండీ, ఊఁ. కాస్త చురుక్కుమంటుందండీ, ఊఁ. ఇప్పుడు తిమ్మిరెక్కుతుందండీ, ఊఁ. మంచంలో డాక్టరుగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన పెదాలు కూడా ఆ సందుల్లో కదలడం చూసి నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. పళ్ళెంలో పన్ను పడ్డ చప్పుడు విన్నాకే ఇటు తిరిగాను. మా నాన్న కుర్చీ చేతుల మీది పట్టు ఎప్పుడు వదిలేశాడో వదిలేశాడు.

కొల్లేటి లంకల్లో ఒక మనిషి నోట పడ్డ మాట పడవకన్నా ముందు తిరుగుతుంది. నెల తిరక్కుండా మా ఊరి నించి, పక్క ఊళ్ళ నించి జనం రావడం మొదలైంది. ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళు దారిలో దిగి పన్ను చూపించుకుని కొండకి వెళ్ళేవాళ్ళు. బల్ల మీది ఉత్తరం మరి కనిపించలేదు. ఆవిడకి ఊఁ కొట్టడం ఎంతలా వంటబట్టిందంటే, కలకత్తా నించి మరిది ఫోను చేసినప్పుడు చైనా మాటల మధ్య కూడా ఊఁ ఊఁ అంటుంటే, మీకేమైనా పంటినొప్పా అని అడిగాడట. అది చెబుతూ ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

సాయంత్రం కుర్చీ తుడిచాక మంచం పక్కన స్టూలు వేసుకుని ఆరోజు ఎవరెవరొచ్చారో, ఏ ఊరో, ఏం మాట్లాడారో ఆయనకి చెప్పేవారు. వాళ్ళిద్దరికీ ఒక సొంత భాష ఉండగా, ఆ కబుర్లు మాత్రం తెలుగులోనే. ఆయన ఊఁ కొట్టేవారు. అలా నాలుగేళ్ళు. ఆయన పోయాక ఇంకొన్నేళ్ళు కూడా ఆవిడ ఆ కుర్చీ దగ్గరే ఉన్నారు. చూపు మందగించాకే కలకత్తా వెళ్ళారు.

ఆయన ఒక మార్గశిర మాసం పొద్దున్నే, నిద్రలోనే పోయారు. కబురు తెలిసి డ్యూటీకి వెళ్ళాల్సినదాన్ని అటు వెళ్ళాను. ముందు గదిలో, ఆ మంచం మీదే ఉన్నారు. కుర్చీని గోడ వైపు తిప్పేశారు. మరిది రైల్లో ఉన్నాడు. వీధి ఆడవాళ్ళంతా వచ్చి గోడవారగా నిలబడ్డారు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నారు. ఏడవడం లేదు. ఆకుకూరలావిడ భుజం నిమిరి, ఏడవండమ్మా, లోపల పెట్టుకోకండి, అంటోంది. ఆవిడ విన్నట్టు లేదు.

కొంతసేపటికి ఆయన వైపు వంగి, "నిన్న సాయంత్రం చెప్పలేదండీ," అన్నారు. "మీరు పడుకుండిపోయారు."

ఆకుకూరలావిడ భుజం మీది చెయ్యి తీసేసింది.

"కామవరపుకోట నించి ముసలావిడొకరు వచ్చారండీ," అన్నారు. అని, ఆగారు.

ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలుసు. ఆ చోటు నిండటం నాలుగేళ్ళు విన్నాను. ఇప్పుడు అది నిండటం లేదు. ఆవిడ ఆయన మొహంలోకే చూస్తూ ఉన్నారు. అది రాకుండా తర్వాతి మాట ఎత్తకూడదని ఆయనే నేర్పారు, ఆవిడ ఎత్తడం లేదు. గదిలో అందరం చూస్తున్నాం.

"ఊఁ," అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు. ఆయన చెయ్యి అలాగే పట్టుకుని, "పై సెట్టు బాగా సరిపోయిందండీ," అన్నారు.

ఈసారి గోడవారగా నిలబడ్డ ఆడవాళ్ళంతా ఊఁ అన్నారు.